బంతిలో లేనివాడికి వడ్డన లేదు

వరంగల్‌లో ఐటీ అనగానే జనం మడికొండ పేరే చెబుతారు. 2020 జనవరిలో అక్కడ సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు మొదలయ్యాయి. నేను పనిచేసేది వాటిలో కాదు, హన్మకొండలో ఓ మేడమీది చిన్న ఆఫీసులో. జావాలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం.

ఓ సాయంత్రం, కొత్తగా చేరిన కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అన్నా, ఈ టెస్ట్ ఒక్కటే నడిపితే మంచిగనే పాసైతది. అన్నీ కలిపి నడిపితే ఫెయిలైతంది. మూడు బిల్లులు ఉండాలె, సున్నా అంటంది."

చూడగానే గుండె గుబేల్‌మంది. ఆ టెస్టులో వాడిన హెల్పర్ క్లాసు నేను రాసిందే.

టెస్ట్ క్లాసులో ఆటోవైర్డ్ అని రాస్తే రిపాజిటరీని స్ప్రింగే తెచ్చి చేతిలో పెడుతుంది. అయితే పెళ్ళిలో బంతిలో కూర్చున్నవాడి విస్తట్లోనే వడ్డిస్తారు, అరుగు మీద కూర్చుంటే అడిగేవాడుండడు. బిల్లులు తయారుచేసే ఆ హెల్పర్‌ను నేను 'న్యూ' అని సొంతంగా పుట్టించాను. స్ప్రింగ్‌కు దాని ఊసే తెలియదు, లోపల రిపాజిటరీ నల్. ఆ రోజు తొందరలో దాన్ని స్టాటిక్ చేసి, 'ఖాళీగా ఉంటేనే నింపు' అని ఓ ఇఫ్ పెట్టి ఇంటికెళ్ళిపోయాను.

కుర్రాడి టెస్టులో ఓ మాక్ బీన్ ఉంది. మాక్‌లు వేరైతే స్ప్రింగ్ పాత కాంటెక్స్ట్ వాడదు, కొత్తది కడుతుంది. మా సెటప్‌లో దాంతోపాటు హెచ్2 డేటాబేస్ కూడా కొత్తదే. నా స్టాటిక్ మాత్రం పాతదాన్నే పట్టుకు వేళ్ళాడుతోంది. బిల్లులు ఒక డేటాబేసులో పడుతున్నాయి, లెక్కపెట్టడం ఇంకోదాంట్లో!

స్టాటిక్ పీకేసి, రిపాజిటరీని హెల్పర్ కన్‌స్ట్రక్టర్‌కు ఇవ్వమన్నాను. ఫీల్డ్ రాసిన చోటే న్యూ అన్నాడు. మళ్ళీ నల్. టెస్ట్ ఆబ్జెక్టు పుట్టాకే కదా స్ప్రింగ్ ఆ ఫీల్డులు నింపేది, ఈ లైను పుట్టేటప్పుడే నడిచిపోతుంది. దాన్ని బిఫోర్‌ఈచ్‌లోకి దింపితే సర్దుకుంది.

ఇంకో హెల్పర్‌కు ఆరు రిపాజిటరీలు కావాలి. దాన్ని ఇంపోర్ట్‌తో బీన్‌ను చేసి బంతిలోనే కూర్చోబెట్టాం. (ఆరు అడిగేదాన్ని ముందు రెండుగా విడగొట్టాలంటాను నేను, వినేవాళ్ళేరీ?)

అన్నీ పచ్చగా వచ్చాక నసుగుతూ చెప్పాను: "తమ్మీ, ఆ స్టాటిక్ పెట్టింది నేనే."

"ఎరుకేనన్నా. గిట్ బ్లేమ్‌ల మీ పేరు చూసే ఇటొచ్చిన."