కనుమ దారిలో పుట్టింటికి

దెబ్బ తగిలిన చోట గాయం నెలకో రెండు నెలలకో మానుతుంది. దానితో పట్టుకున్న భయం అంత త్వరగా మానదు. పైకి కనపడదు గనుక ఇంటిల్లిపాదీ అది లేదనే అనుకుంటారు. అందుకే సోదరీమణులతో యీ నాలుగు మాటలు చెప్పుకుంటున్నాము.

మేము తోడికోడళ్ళం. తరతరాలుగా హోసూరులో స్థిరపడిన కుటుంబం మాది. మాలో చిన్నదాని పుట్టిల్లు సేలం. 44వ జాతీయ రహదారి మీద కృష్ణగిరి, ధర్మపురి దాటితే తొప్పూరు కనుమ వస్తుంది. అక్కడ సేలం వైపు అంతా పల్లం. డీజిలు కలిసి వస్తుందని కొందరు లారీలను న్యూట్రలులో వదులుతారు. అంత బరువును బ్రేకు ఒక్కటే ఎంతసేపు ఆపగలదు? వేడెక్కి పట్టు తప్పుతుంది. 2022లో మా కారు అక్కడ వరుసలో నిలిచి వుండగా, అటువంటి లారీయే వెనుక నుంచి వచ్చి తాకినది. ప్రాణాలు దక్కినవి. పెద్దదానికి భుజం దగ్గర ఎముక విరిగి, కొన్ని వారాలకు అతికినది.

అసలు కష్టం ఆ తరువాత మొదలైనది. వెనుక హారను మోగితే చాలు, గుండె దడ, అరచేతుల్లో చెమట. చిన్నది రాత్రులు ఉలిక్కిపడి లేచేది. "ఇక ఆ బండి జోలికి పోవద్దమ్మా" అని అత్తగారు ప్రేమతోనే అన్నారు. తాళాలు ఏడు నెలలు బీరువాలోనే వున్నవి. సేలంలో తల్లి మంచం పట్టినా, రైలు వేళలు కుదిరి రెండుసార్లే వెళ్ళగలిగినాము.

చివరకు బెంగుళూరులో ఒక మనోవైద్యురాలిని చూచినాము. భయం కలిగిన ప్రతిసారీ తప్పించుకుంటే, తప్పించుకున్నందువల్లనే బ్రతికినామని మనస్సు నమ్ముతుందట. అక్కడే నిలిచి వుంటే దడ తనంతట తానే తగ్గుతుందట. మెట్టు మెట్టుగా భయాన్ని ఎదుర్కొనే పద్ధతిని జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు 1958లోనే గ్రంథస్థం చేసినాడని ఆమె చెప్పినారు.

మొదటి వారం ఇంజను వేయకుండా కారులో ఊరికే కూర్చున్నాము. తరువాత మా వీధి. ఆపైన చంద్రచూడేశ్వరస్వామి కొండ క్రింది వరకు. ఆపైన శూలగిరి, కృష్ణగిరి, ధర్మపురి. దడ తగ్గేవరకు వెనుకకు తిరగకూడదని నియమం. ఒక మెట్టు కష్టమైతే క్రింది మెట్టుకు దిగినామేగాని మానలేదు.

నాలుగు నెలలకు తొప్పూరు చేరినాము. నోరు ఎండిపోయినది. పెద్దది రెండవ గేరులో దించినది. గేరు తగ్గిస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుకు శ్రమ తగ్గుతుంది. చిన్నది పక్కన కూర్చుని ఊపిరి లెక్క పెట్టినది. సేలంలో అమ్మ మంచం మీద నుంచే "ఎవరు తీసుకొచ్చారే?" అని అడిగినది. ఇద్దరమే వచ్చినామని చెప్పినాము.

భయం పూర్తిగా పోలేదు. ఈనాటికీ ఆ మలుపులో అద్దం వంక పదిసార్లు చూస్తాము. అయినా నెలకొకసారి వెళ్ళి వస్తున్నాము.

మీ ఇంట ఇటువంటివారు వుంటే తాళాలు దాచవద్దు, ధైర్యం తెచ్చుకొమ్మని గద్దించనూ వద్దు. పక్క సీటులో కూర్చోండి. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా వదలకపోతే వైద్యుని చూడండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సహాయానికి 14416కు ఫోను చేయవచ్చు. దానికి రుసుము లేదు.