ఇంజను కంటే ముందు నేల

నందిగామ చుట్టూ నల్లరేగడి. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే వెలిశాయా! కంచె స్తంభాలకో, మొక్కలకో గుంతలు తీసే చిన్న పెట్రోలు మిషన్ కొనబోతే షాపువాళ్లు 52 సీసీ, 63 సీసీ అంటూ ఇంజను గురించే చెబుతారు. నేనైతే ముందు నేలనడుగుతాను.

రేగడి తడిగా ఉంటే నేలను తొలిచే బిట్టుకు అంటుకుని వదలదు; ఎండితే ఇనుమే. పదును చూసి దిగాలి. జానెడు దిగగానే పైకి లాగి మట్టి దులపాలి. అడుగున రాయి తగిలితే బిట్టు బిగుసుకుని, పిడి చేతుల్ని మెలితిప్పేస్తుంది. ఒక్కరే పట్టేటట్టయితే 12 అంగుళాల బిట్టు కన్నా 8 అంగుళాలదే నయం. టూ స్ట్రోక్ ఇంజనైతే పెట్రోల్లో ఆయిల్ కలపనిదే తాడు లాగకూడదు.

అమెరికాలోని మినెసోటాలో గడ్డకట్టిన సరస్సులపై చేపలు పట్టేవాళ్లదీ ఇలాంటి మిషనే. నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి మంచు ఉండాలని అక్కడి అధికారుల సూచన. ఆ మిషన్ బ్లేడు మంచును సన్నగా చెక్కుతుంది. ఇసుక తగిలిందా, మొద్దుబారుతుంది. అందుకే డబ్బు ఇంజను మీద కన్నా కోసే అంచు మీద పెట్టడం మేలనిపిస్తుంది. ఏడాదికి నాలుగు గుంతలు తీసేవాళ్లకైతే గడ్డపారే చాలు.