నాన్నగారి తీర్పులు

మా నాన్నగారు హోటల్లో తిన్న భోజనం గురించి హోటల్లో ఉండగా ఒక్క మాట కూడా అనరు. చెయ్యి కడుక్కుని, డబ్బులిచ్చి, గుమ్మం దిగి, కనీసం పది అడుగులు నడిచాకే నోరు విప్పుతారు. మా చిన్నతనంలో మేం అన్నదమ్ములిద్దరం ఆ అడుగులు లెక్కపెట్టేవాళ్ళం. "ఎనిమిది, తొమ్మిది, పది" అని మేం గొణుక్కుంటూ ఉండగానే తీర్పు వెలువడేది. "పప్పు ఫరవాలేదు. చారు మాత్రం చారు కాదు" అనేవారు, కోర్టులో జడ్జీ గారిలా.

ఆయన జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు మాస్టారు. చీపురుపల్లి, రాజాం, నరసన్నపేట... బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ ఇల్లు కుదిరి మమ్మల్ని తీసుకువెళ్ళేదాకా రెండు మూడు నెలలు ఒక్కరే గదిలో ఉండి, హోటలు భోజనం చేసేవారు. మేం మూటాముల్లె సర్దుకుని ఆ ఊరు చేరేసరికి అక్కడి హోటళ్ళ గుణదోషాలన్నీ ఆయనకు కంఠతా వచ్చి ఉండేవి. ఆ ప్రాంతంలో జిల్లాల హద్దులు నిలకడగా ఉన్నవి కావు. చీపురుపల్లి 1979 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తరువాత విజయనగరం జిల్లా. రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం, ఇప్పుడు అదీ విజయనగరమే. "గీతలు వాళ్ళిష్టం, గీసుకోనీ. పూరీలోకి బొంబాయి చట్నీ ఇటూ అటూ ఒకటే" అంటారు నాన్నగారు.

ఆయన న్యాయశాస్త్రంలో సూత్రాలు నాలుగే.

మొదటిది, బోర్డు చూడకూడదు, తినేవాళ్ళను చూడాలి. ఆర్టీసీ డ్రైవర్లు, సంతకు వచ్చిన రైతులు, ఆస్పత్రికి రోగిని తీసుకువచ్చిన బంధువులు ఎక్కడ తింటున్నారో అక్కడికి వెళ్ళాలి. వీళ్ళెవరూ సరదాకు తినేవాళ్ళు కారు, పైసా వృథా చెయ్యలేనివాళ్ళు.

రెండవది, అన్నిటికంటే ముందు చారు. కూరలో లోపాన్ని నూనె కప్పేస్తుంది, పప్పులో లోపాన్ని నెయ్యి కప్పేస్తుంది. చారులో దాక్కోవడానికి చోటు లేదు. చింతపండు, మిరియం, ఇంగువ, కాచినవాడి ఓపిక, అంతే. ఆ నాలుగింటిలో ఏది తగ్గినా అడుగు కనిపిస్తుంది.

మూడవది, ఒక్కసారి తిని తీర్పు చెప్పకూడదు. రద్దీలో ఒకసారి, అందరూ తిని వెళ్ళిపోయాక మిగిలినదానితో ఒకసారి, వాన కురిసి కూరగాయలు దొరకని రోజున ఒకసారి తినాలి. మూడవసారి కూడా పెట్టినమ్మ మొహం చిట్లించుకోకపోతే అది మంచి హోటలు.

నాలుగవది మా ఉత్తరాంధ్రకే చెందిన సూత్రం. ఆవ పెట్టిన కూర ఉంటే, ఆవ ఎప్పుడు నూరారో నాలుకతో కనిపెట్టాలి.

ఈ నాలుగోది తెలియనివారికి కొంచెం వివరించాలి. పనసపొట్టు, అరటికాయ, కంద-బచ్చలి వంటి కూరలకు మా వైపు ఆవ పెడతారు. పోపులో చిటపటలాడే ఆవాలు వేరు, ఇది వేరు. పోపులో వేగిన ఆవగింజకు కమ్మదనమే గాని ఘాటు ఉండదు. పచ్చి ఆవాలను నీళ్ళు చిలకరించి నూరినప్పుడే, గింజలో విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి ఆ ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ కలయికను జరిపించే ఎంజైము చచ్చిపోతుంది. అందుకే కూర దించాకే ముద్ద కలపాలి, పొయ్యి మీద ఉండగా కలిపితే చేదు మిగులుతుంది. పుట్టిన ఘాటు కూడా ఎంతోసేపు నిలవదు. తెల్లవారుజామున వండి మధ్యాహ్నం వడ్డించే హోటలు ఆవకూరలో ఆవ ఉంటుంది గాని ప్రాణం ఉండదు. "ఆవ పెట్టిన కూరను బట్టి హోటలు గడియారం చెప్పవచ్చు" అనేవారు నాన్నగారు.

డబ్బిచ్చి పూటకింతని తినే భోజనం మన సాహిత్యానికీ కొత్త కాదు. ఓరుగల్లులో ఒక్క రూకకు దొరికే పూటకూటి భోజనాన్ని క్రీడాభిరామం నోరూరేలా వర్ణించింది. ఇక విజయనగరం సంగతి చెప్పనే అక్కరలేదు. 1892లో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో గిరీశం తిని తిరిగినది ఈ ఊరి పూటకూళ్ళమ్మ ఇంట్లోనే. తిన్నవాళ్ళు వంట మీద తీర్పులు చెప్పడం సర్వసాధారణం. వండి పెట్టిన మనిషి తిన్నవాడి మీద తీర్పు చెప్పాలంటే చీపురుకట్ట పట్టుకుని రావలసి వచ్చింది. నాన్నగారు తరగతిలో ఆ ఘట్టం చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారట. "నవ్వండి గాని, ఆ నాటకంలో రోజూ పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఆవిడేనని మరిచిపోకండి" అనేవారట. పది అడుగుల నియమం అక్కడినుంచే వచ్చిందేమో అని నాకు ఇప్పటికీ అనుమానం.

ఇంతటి న్యాయమూర్తిగారికి 2021 మే నెలలో కరోనా వచ్చింది. ఆస్పత్రి అవసరం పడకుండా గట్టెక్కారు. కాని వాసన పోయింది. నెలరోజుల్లో వస్తుందన్నారు, రాలేదు. ఆరు నెలలన్నారు, అప్పటికీ రాలేదు. వాసన లేకపోతే రుచి ఏమిటో ఆయన్ని చూశాకే నాకు తెలిసింది. నాలుకకు తెలిసినవి ఉప్పు, పులుపు, తీపి, చేదు వంటి కొన్ని మూల రుచులే. ఇంగువ, కరివేపాకు, వేగిన నెయ్యి, కొత్త బియ్యం... మనం రుచి అనుకునేవాటిలో ఎక్కువ భాగం నమిలేటప్పుడు గొంతు వెనుకనుంచి ముక్కుకు చేరే వాసనలే. ఆ దారి మూసుకుపోయింది. "అన్నం తింటున్నానో కాగితం తింటున్నానో తెలియడం లేదురా" అన్నారు ఫోనులో, చాలా మామూలుగా.

ఆయన ఎవరి దగ్గరా బాధపడలేదు గాని, తినడం తగ్గించేశారు. చొక్కా భుజాల మీదనుంచి జారిపోయేలా చిక్కిపోయారు. అమ్మ భయపడి మరింత పథ్యం మొదలుపెట్టింది. ఆవ వేడి, కారం పడదు, నూనె వద్దు. నేను హైదరాబాదునుంచి వెళ్ళినప్పుడల్లా "హోటలుకు వెళదాం రండి" అనేవాణ్ణి. "నాకెందుకురా, తీర్పు చెప్పే అర్హత పోయాక" అని నవ్వి ఊరుకునేవారు.

మరుసటి ఏడాది వానాకాలంలో ఆయన పింఛను కాగితాల పని మీద ఇద్దరం విజయనగరం వెళ్ళాం. పని అయ్యేసరికి రెండు దాటింది. గంటస్తంభం దగ్గరనుంచి నడుస్తూ, ఒక సందులో కనిపించిన మెస్సులోకి దూరాం. నాలుగు బల్లలు, గోడకు ఒక పాత క్యాలెండరు, అడ్డాకు విస్తళ్ళు. వండేదీ వడ్డించేదీ ఒక్కావిడే, అరవై దాటి ఉంటుంది. నేను అలవాటు ప్రకారం మనసులో మార్కులు వేస్తూ పోయాను. బియ్యం ముతక. పప్పు జారు. చారు నాలుక మీద వేసుకోగానే తెలిసిపోయింది, పులుపు తప్ప ఏమీ లేదు. మార్కులు పడిపోతున్నాయి.

అప్పుడు నాన్నగారు తింటున్న చెయ్యి ఆపారు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. నాకు గుండె ఆగినంత పనయింది. "ఏమైంది నాన్నగారూ?" అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా విస్తట్లో కంద-బచ్చలి కూర వంక చూసి, ఇంకో ముద్ద కలుపుకుని తిన్నారు. మళ్ళీ ముక్కు ఎగబీల్చారు, మళ్ళీ కళ్ళలో నీళ్ళు. మూడో ముద్దకు నాకర్థమయింది. అది దుఃఖం కాదు, ఆవ.

తరువాత చదివి తెలుసుకున్నాను. ఆవ ఘాటు, మిరప మంట నిజానికి వాసనలూ కావు, రుచులూ కావు. ముఖమంతా పాకి ఉండే ట్రైజెమినల్ అనే మరో నాడి వాటిని మోసుకుపోతుంది. వాసన దారి మూసుకుపోయినా ఆ నాడి పనిచేస్తూ ఉండవచ్చు. నాన్నగారి విషయంలో పనిచేస్తోంది. ఏడాదికి పైగా పథ్యం పేరుతో మేం ఆయనకు మిగిలిన ఆ ఒక్క తలుపునూ బయటనుంచి గడియ పెట్టి ఉంచామన్నమాట.

ఆ రోజు నాన్నగారు తన జీవితంలో మొదటిసారి నియమం తప్పారు. కూర్చున్న చోటునుంచే, "అమ్మా, ఈ ఆవ నూరి పావుగంట కూడా కాలేదు కదూ?" అన్నారు.

ఆవిడ గరిటె పట్టుకుని ఆగిపోయింది. "మీరొచ్చీముందే నూరినాను మేష్టారూ. పొద్దుటే నూరి ఎట్టీసినామంటే మద్దేనానికి సచ్చిపోద్ది కదండీ. ఆకరి బంతికీ మళ్ళీ నూరతాను" అంది. ఆయన మాస్టారని ఎలా కనిపెట్టిందో మరి. మారు వడ్డించడానికి వంగుతూ, "ఆవ సంగతి అడిగినోలు ఈమద్దిన లేరు బాబూ" అని కూడా అంది.

రెండు గంటలు దాటిన వేళ, నాలుగు బల్లల మెస్సులో, చివరి ఇద్దరి కోసం ఆవిడ మళ్ళీ రోలు ముందు కూర్చుంది. నా మార్కుల పట్టికలో దానికి గడి లేదు.

విస్తరి మడిచేముందు నాన్నగారు నన్నడిగారు. "చారు ఎలా ఉందిరా? నాకు పులుపొక్కటే తెలుస్తోంది."

ఆవిడ వినేంత దూరంలోనే ఉంది. నాన్నగారి మొహం ఏడాది తరువాత వెలుగుతోంది. "చాలా బాగుంది" అన్నాను.

బయటికి వచ్చాం. వాన వెలిసింది. ఆయన నడుస్తున్నారు, నేను వెనుక నడుస్తున్నాను. నాకు తెలియకుండానే అడుగులు లెక్కపెడుతున్నాను. పదో అడుగు దగ్గర ఆగి వెనక్కి తిరిగారు.

"ఇప్పుడు చెప్పు. చారు ఎలా ఉంది?"

"బాగుందన్నాను కదా."

"అది లోపల అన్న మాట. లోపల అన్నది మర్యాద, ఇక్కడ అనవలసింది నిజం. ఒరేయ్, నాకు చారు ఇక నీ నాలుక మీదే ఉంది. నువ్వు కూడా బాగుందంటే నాకు ఏ ఊళ్ళోనూ చారు లేనట్టే."

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి, పరీక్షలో జవాబు చెప్పే పిల్లవాడిలా చెప్పాను. "పులుపు ఎక్కువైంది. మిరియం లేదు. ఇంగువ పోపులో వేశారుగాని మాడింది. అడుగున పప్పుతేట కలిపారు, అదొక్కటే దాన్ని కాపాడింది."

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నేను చెబుతున్న చారును లోపల ఎక్కడో కాచుకుంటున్నట్టు అనిపించింది. "ఊఁ, మాడిన ఇంగువ" అన్నారు చివరికి, తృప్తిగా. "అయినా మళ్ళీ రావాలి. ఒక్కసారి తిని చెప్పకూడదు."

మరో రెండుసార్లు వెళ్ళాం. రద్దీలో ఒకసారి, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మరునాడు ఊరంతా అలిసిపోయి ఉన్నప్పుడు ఒకసారి. చారు మెరుగుపడలేదు. ఆవ ఏ రోజూ చావలేదు. నాన్నగారి తుది తీర్పు: "మంచి హోటలు. చారు వద్దనాలి."

ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోను, ఏ హోటలుకైనా కూర్చున్న చోటునుంచే అయిదు చుక్కలో ఒక చుక్కో పడేస్తున్నారు. నేనూ వేసినవాణ్ణే కాబట్టి తప్పుపట్టను. కాని ఆ మెస్సుకు ఎన్ని చుక్కలు వెయ్యాలో నాకిప్పటికీ తేలలేదు, వెయ్యలేదు కూడా.

ఇంట్లో పథ్యం ఎత్తేశాం. వారానికి రెండుసార్లు అమ్మ ఆవ నూరుతుంది. నాన్నగారికి వాసన పూర్తిగా తిరిగి రాలేదు, కాస్త ఒళ్ళు మాత్రం చేశారు. నేను హైదరాబాదులో ఎక్కడ భోజనం చేసినా, బయటకు వచ్చి పది అడుగులు నడిచి ఆయనకు ఫోను చేస్తాను. ఆయన అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీరు ఊహించే ఉంటారు. అబద్ధం చెప్పి ఇంతవరకూ ఒక్కసారీ గట్టెక్కలేదు.