నాలుగు చుక్కల మనిషి

మా ఇంట్లో బ్లూరే ప్లేయర్ కొన్నది పిల్లల కోసమని చుట్టాలందరూ అనుకుంటున్నారు. మావారైతే క్రికెట్ లేని రోజుల్లో తన కోసమే అనుకుంటారు. అసలు సంగతి మా అత్తయ్యగారు.

అత్తయ్యగారి పుట్టిల్లు పులిదిండికి కూతవేటు దూరం. 1967లో బాపు, రమణ గార్ల 'సాక్షి' సినిమా తీసింది ఆ పులిదిండిలోనే. కృష్ణ, విజయనిర్మల అప్పుడప్పుడే పైకొస్తున్న రోజులు. సెట్టింగులూ గట్రా ఏమీ లేకుండా ఆ ఊరి వీధుల్లో, ఆ గోదారి గట్టు మీదే తీశారు. అప్పటికి అత్తయ్యగారికి పదేళ్ళు. వాళ్ళ నాన్నగారు షూటింగు చూడ్డానికి వెళ్ళి, "జనంలో నిలబడండి" అంటే నిలబడ్డారట. మూడేళ్ళకి పోయారు ఆయన. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. రాజమండ్రి వెళ్ళి ఫొటో తీయించుకునేంత తీరిక ఆ రోజుల్లో వ్యవసాయం చేసుకునేవాళ్ళకి ఎక్కడిది? గోడ మీద మా మామగారి నాన్నగారి పటం ఉంది, దండ కూడా వేస్తాం. అత్తయ్యగారి వైపు గోడ మాత్రం ఖాళీ.

"సినిమాలో ఉన్నారే అమ్మాయ్, తలపాగా చుట్టుకుని" అని నేను కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పారు. అప్పట్నుంచీ ఈ ఇంట్లో ఏ కొత్త యంత్రం వచ్చినా, ముందు ఆ సినిమాయే పెట్టి చూడటం ఆనవాయితీ అయిపోయింది.

మొదట వీడియో క్యాసెట్టు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, వీసీపీ అద్దెకి తెచ్చుకుని, తెల్లార్లూ మూడు సినిమాలు చూసి, బొమ్మ గీతలు పడితే లోపల హెడ్డు తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవడం. ఆ క్యాసెట్టులో జనం కాదు కదా, కృష్ణగారే సరిగ్గా కనపడలేదు. తర్వాత వీసీడీ వచ్చింది. గీతలు పోయాయి గానీ మనుషులు గళ్ళు గళ్ళుగా అయ్యారు. దూరంగా నిల్చున్న మనిషి మొహమంటే నాలుగు చుక్కలంతే. ఆ నాలుగు చుక్కల్లో నాన్నని వెతుక్కుంటూ ఆవిడ టీవీ దగ్గరకి జరిగేవారు. దగ్గరకి జరిగేకొద్దీ ఇంకా చెదిరిపోయేది.

మావాడు ఇంజనీరింగు చదువుతున్నాడు కదా, లెక్క కట్టి చెప్పాడు. వీసీడీలో బొమ్మంతా కలిపి లక్ష చుక్కలు. డీవీడీలో నాలుగు లక్షలు. బ్లూరేలో ఇరవై లక్షలు. డిస్కు అదే సైజు, అరచెయ్యంత. తేడా అంతా దాన్ని చదివే కాంతిలో ఉందట. డీవీడీని ఎర్ర కాంతి చదువుతుంది, దీన్ని నీలం, ఊదా కలిసిన కాంతి చదువుతుంది. ఆ కాంతి తరంగం చిన్నది కాబట్టి అక్షరాలు ఇంకా సన్నగా రాయొచ్చు. డీవీడీ ఒక పొరలో 4.7 జీబీ పడితే, ఇందులో ఒక పొరకే 25 జీబీ. లావు గంటంతో రాసిన తాటాకుకీ సన్న గంటంతో రాసిన తాటాకుకీ ఉన్నంత తేడా అన్నమాట. బి.ఏ. తెలుగు చదివిన పాపానికి నేను దానికి 'నీలికిరణం' అని పేరు పెట్టాను. ఇంట్లో ఎవరూ పిలవరు.

సంక్రాంతికి కొన్నాం. కొనేవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పెట్టెలో ఏ తీగ ఇచ్చారో చూసుకోండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న పాత తీగతో తగిలిస్తే అంత డబ్బూ పోసి పాత బొమ్మే చూస్తారు. హెచ్‌డీఎమ్‌ఐ తీగ కావాలి. అమెరికా నుంచి మీ ఆడపడుచో, మేనల్లుడో డిస్కులు తెస్తామంటే కొన్నింటికి ప్రాంతం తాళం ఉంటుందని చెప్పండి. అక్కడిది ఏ, మనది సీ. తాళం వేసినవి ఇక్కడ ఆడవు.

ఇంతా చేస్తే, 'సాక్షి' బ్లూరే మాకు దొరకలేదు. మావాడు వెతకని చోటు లేదు. కొత్త సినిమాలకీ, హిందీ, ఇంగ్లీషు వాటికీ ఉన్న భాగ్యం మన నలుపూ తెలుపూ సినిమాలకి ఎక్కడిది? 1957 నాటి 'మాయాబజార్'కి రంగులద్ది 2010లో మళ్ళీ థియేటర్లలో వేశారు గానీ, ఆ అదృష్టం ఎన్నింటికి పట్టింది! నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఫిల్ము మీద తీసిన బొమ్మలో ఈ ఇరవై లక్షల చుక్కల కంటే ఎక్కువ వివరమే ఉంటుందట. అంటే అసలు నెగెటివు బాగుంటే అందులో ఆ పెద్దాయన కళ్ళూ ముక్కూ అన్నీ ఉన్నట్టే. మన ఇంటికొచ్చే డిస్కుల్లోనే లేవు.

సరే, డీవీడీనే ఈ ప్లేయర్లో పెట్టాం. ఇది నాలుగు లక్షల చుక్కల్ని సాగదీసి పెద్ద టీవీకి సరిపడా చేసి చూపిస్తుంది. లేనిదాన్ని పుట్టించదు గానీ, ఉన్నదాన్ని నదురుగా చూపిస్తుంది. మావారు వెడల్పు టీవీ నిండా ఉండాలని రిమోట్‌తో జూమ్ చేశారు. పక్కల నల్ల పట్టీలు పోయాయి, దానితో పాటు పైన నిలబడ్డవాళ్ళ తలలూ పోయాయి. నేను రిమోట్ లాక్కుని 4:3కి మార్చాను. అటూ ఇటూ నల్లగా ఉంటే ఉండనీ, పాత సినిమా కొలత అది.

అత్తయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుని, మంచం దిగి, కింద చాప మీద కూర్చున్నారు. కథ ఆవిడకి అక్కర్లేదు. నిజం చెప్పినందుకు హీరోకి ఎవరూ సాయం రాకుండా ఊరు ఊరంతా తలుపులు వేసేసుకుంటుంటే నాకు గొంతు పట్టేసింది. ఆవిడ మాత్రం వీధుల్నీ, అరుగుల్నీ, ఆ అరుగుల మీద కూర్చున్నవాళ్ళనీ చూస్తున్నారు. "అది ఫలానావాళ్ళ కొట్టు." "ఈ గట్టు మీంచే బడికెళ్ళేదాన్ని." అప్పటి ఊరంతా మా హాల్లో నడిచిపోతోంది.

జనం గుమిగూడిన ఒక చోట, "ఆపు" అన్నారు. మావాడు ఆపాడు. వెనక వరసలో తలపాగా చుట్టిన మనిషి, మొహం కొద్దిగా పక్కకి. చుక్కలు కావు, మనిషే. ముక్కు తెలుస్తోంది, మీసం తెలుస్తోంది. కళ్ళు మటుకు నీడలో ఉన్నాయి.

"ఆయనేనా నానమ్మా?" అన్నాడు మావాడు.

ఆవిడ చాలాసేపు చూశారు. "ఏమో రా" అన్నారు. "నాన్న భుజాన తువ్వాలుండాలి. ఈయనకి లేదు." కాసేపాగి, "ఆ వేళ తీసేశారేమో" అన్నారు.

ముందుకు పోనివ్వండి అంటే ఒప్పుకోలేదు. అలా ఆపే ఉంచమన్నారు. కాసేపటికి ప్లేయరు తనంతట తానే బొమ్మ తీసేసి తన గుర్తు చూపించడం మొదలెట్టింది. "పోయిందిరా, మళ్ళీ వెయ్యి" అన్నారు, చాప మీద ఇంకాస్త ముందుకి జరుగుతూ.