మన్సీ మైదానంలో

ఇండియానాపొలిస్ నుంచి ఈశాన్యంగా ఇంచుమించు 60 మైళ్లు పోతే మన్సీ వస్తుంది. చుట్టూ మొక్కజొన్న చేలు, పైన బోలెడంత ఆకాశం. ఆ ఆకాశం కోసమే కాబోలు, 1936లో పుట్టిన అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ వారు అక్కడ వెయ్యెకరాలు దాటిన మైదానంలో స్థిరపడ్డారు. మ్యూజియం కూడా వున్నది.

మా మేనల్లుడు చలికాలమంతా కూర్చుని కట్టిన బాల్సా విమానాన్ని వెనక సీట్లో పసిపాపలా పడుకోబెట్టి తెచ్చాడు. మైదానంలో ఒక ముసలాయన దాన్ని వెంటనే ఎగరనివ్వలేదు. చేతిపెట్టె మీది పుల్ల కుడికి తోస్తే కుడిరెక్క పలక పైకి లేవాలట. అది తారుమారైతే నేల విడిచిన క్షణమే గోవిందా! గాలికెదురుగా లేవాలి. వేగం తగ్గినప్పుడు ముక్కెత్తితే రెక్క పట్టు తప్పుతుంది.

అసలు గండం వేరే వున్నది. విమానం దూరంగా పోతున్నంతసేపు దాని కుడే మన కుడి. మనవైపు తిరిగిందా, దాని కుడి మనకు ఎడమ! కంగారులో మనిషి తిప్పకూడని వైపే తిప్పుతాడు. ముసలాయన కిటుకు చెప్పాడు: ఎదురొస్తున్నప్పుడు రెక్క ఎటు వాలితే పుల్లను అటే తొయ్యి, వాలిన పందిరికి గుంజ పెట్టినట్లు.

మూడో చుట్టులో విమానం ఎదురుగా వస్తూ మా ఎడమకు వాలింది. వాడి బొటనవేలు కుడికి పోబోయి ఆగింది, ఎడమకు జరిగింది. రెక్క లేచింది. నేను ఊపిరి వదిలాను.

"బాటరీ వుండగానే దింపు," అన్నాడు ముసలాయన.