ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

2020 లాక్‌డౌన్ నెలల్లో వృద్ధుల ఆరోగ్యంపై ఒక అధ్యయనం కోసం ఊళ్లకు ఫోన్లు చేసేవాణ్ణి. ఇళ్లకు వెళ్లే వీల్లేదు గనక ప్రశ్నలన్నీ ఫోన్‌లోనే. అనంతపురం వైపు ఒక ఇంట్లో కోడలు ఎత్తింది. అత్తగారితో మాట్లాడాలన్నాను. "మా అత్తకు చెవుడు సార్, నన్నడగండి" అంది. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, దిగులుగా ఉంటోందా? అన్నిటికీ "బాగానే ఉంది సార్" అనే జవాబే. వెనక నుంచి ముసలామె గొంతు: "ఎవురే? నన్నేనా అడిగేది?" ఆ కోడలిని తప్పుపట్టను. ఇంటి పనంతా ఆమె నెత్తినే ఉంది.

కానీ ఒకరి దిగులు సంగతి మరొకరు ఎలా చెప్పగలరు? ఆ నెలల్లో మనం పోగుచేసుకున్న జవాబులు ఎవరివి? సొంత ఫోన్ ఉన్నవారివి, చెవి వినబడేవారివి. కొడుకు పంచన చేరిన వితంతువు, కూలికి పోలేని ముసలాయన, మంచం పట్టినవారు, ఎవరి అవస్థ ఎక్కువో వాళ్లే లెక్కలోంచి జారిపోయారు.

అంతకుముందు 2017-18లో 'లాసీ' అనే జాతీయ అధ్యయనం కోసం 45 ఏళ్లు దాటినవారినీ వారి జీవిత భాగస్వాములనూ, 72 వేల మందికి పైగా, ఇళ్లకు వెళ్లి కలిశారు. రక్తపోటు, చూపు పరీక్షించారు, చేతి పట్టు కొలిచారు, నడిపించి చూశారు. గడప తొక్కడం ఎంత విలువైనదో అది ఆగిపోయాకే నాకు బోధపడింది.

పెద్దవాళ్లు జారిపోయింది సర్వేల్లోనే కాదు. కరోనా ఎక్కువగా బలిగొన్నది వాళ్లనే. అయినా హైదరాబాద్‌లో రూపొందిన కోవాగ్జిన్ మొదటి దశ పరీక్షల్లో గానీ, ఆక్స్‌ఫర్డ్ టీకా తొలి ప్రయోగంలో గానీ 55 దాటినవారికి చోటు లేదు. ముందు ఆరోగ్యవంతుల మీద చూడటానికి భద్రత కారణం, కాదనను. తర్వాతి దశల్లో పెద్దలనూ చేర్చుకున్నారు. కానీ ముప్పు ఎవరికి ఎక్కువో వారి వంతు చివర ఎందుకు రావాలి? 2021 మార్చి 1న 60 దాటినవారికి టీకాలు మొదలైతే, కోవిన్ పోర్టల్‌లో పేరు నమోదుకు చాలామందికి మనవడి ఫోనే దిక్కయింది.

మనలో పరిశోధన చేసేవారు ఖర్చుల పట్టికలో ఆటో చార్జీని, వినికిడి యంత్రాన్ని, రెండోసారి వెళ్లిరావడానికయ్యే ఖర్చును ముందే రాసుకోవాలి. ఇంట్లో వేరొకరు చెప్పిన జవాబులెన్నో నివేదికలో విడిగా చూపాలి. మీ ఇంటికి అలాంటి ఫోన్ వస్తే పెద్దవాళ్ల పక్కన కూర్చుని ప్రశ్నను గట్టిగా చెప్పండి. జవాబు మాత్రం వాళ్లనే చెప్పనివ్వండి.