"అది ఏమీ చెయ్యదండీ!"

కుక్కలున్న వాళ్ళందరూ అనే మాటే ఇది. నా దృష్టిలో ఇది జవాబు కాదు. ముప్ఫై కిలోల మా లాబ్రడార్ తోకూపుకుంటూనే మీదకి ఎగిరినా, పై ఫ్లోర్ మామ్మగారు పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆవిడ దానికి భయపడి లిఫ్టు మానేసి మెట్లు దిగేవారు. అపార్ట్‌మెంట్ల వాళ్ళు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది, నిజమే. ఆ కాగితం ఆవిడకి ఎలా చూపిస్తాం చెప్పండి?

కుక్క ఎందుకు ఎగురుతుంది? ఎగిరితే పనవుతుంది కనక. తిట్టినా, తోసినా దానికి దొరికేది మన అటెన్షనే. అందుకని మేం పెట్టుకున్న రూలు ఒకటే: నాలుగు కాళ్ళూ నేల మీదుంటేనే పలకరింపు, బిస్కెట్ ముక్క. ఎగిరితే అటు తిరిగి నిలబడటమే. మొదట్లో ఇంకా ఎక్కువ ఎగిరింది. మామూలే. రోజూ పనిచేసే బటన్ పనిచెయ్యకపోతే మనమూ నాలుగుసార్లు నొక్కుతాం కదా! అప్పుడు ఓపిక పోయి ముద్దు చేశామా, గట్టిగా ఎగిరితే చాలని నేర్పినట్టే.

కొత్తవాళ్ళ దగ్గర దూరం ముఖ్యం. మనిషి కనపడుతున్నా కుక్క మన మాట వినగలిగినంత దూరంలో మొదలుపెట్టి, మెల్లగా దగ్గరవ్వాలి. లిఫ్టు ఆఖరి పరీక్ష. మాకు మూడు నెలలు పట్టింది.

అసలు కష్టం ఇంట్లో నలుగురూ ఒకే రూలు పాటించడం. రిక్వైర్‌మెంట్లు రోజుకోరకంగా మారితే మనకెంత చిరాకో తెలుసుగా! కాబట్టి కుక్కకన్నా ముందు ఇంట్లోవాళ్ళతో ఒక మీటింగ్ పెట్టుకోండి.